ఒకటి తీసేస్తే

మోకు బిగిసింది. ఇక గంటకు గానీ వల ఒడ్డెక్కదు. ముత్యాలయ్య తడి ఇసుకకు ఇవతల రెండు కాళ్లూ చాపుకుని కూర్చున్నాడు. మోకాళ్లు మాట విన్న రోజుల్లో ఆ మోకు పట్టి లాగేవాళ్లలో మొదటివాడు తానేనని ఆయనే చెప్పుకుంటాడు. ఒకసారి వలలో పడ్డ చేపల బరువుకు మైపాడు ఒడ్డే నాలుగు బారలు సముద్రంలోకి జరిగిందనీ, తానొక్కడే మడమ తన్నిపట్టి ఊరిని నిలబెట్టాడనీ కూడా చెప్పుకుంటాడు. నమ్మనివాళ్లకు మడమ మీద పగులు చూపిస్తాడు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. ఇప్పుడాయన పని లాగడం కాదు, లెక్క. అలివి వల అంటే మాటలా, పడవ మీద వెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా దింపి, అటు తొమ్మిదిమంది ఇటు తొమ్మిదిమంది రెండు మోకులు పట్టుకుని ఒడ్డుకు లాగాలి. పెద్ద చేపా రొయ్యా పడితే బేరగాడు గంపలకెత్తుకుని పోతాడు. కానాగంత చేపలు మాత్రం కూరకు. వాటిని అమ్మరు, లెక్కేసి పంచుకుంటారు. లాగిన పద్దెనిమిదిమందికి పద్దెనిమిది పాళ్లు, వలకూ పడవకూ ఆరు, వెరసి ఇరవై నాలుగు. ఇరవై నాలుగు పాళ్లకూ సమంగా తెగినంత వరకూ తెగుతాయి, తెగనివి మధ్యలో ఉండిపోతాయి. ఆ మధ్యలో ఉండిపోయినవే మిగులు. మిగులు ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు గనక, సముద్రం ఏ ఇంటి మగవాణ్ణి తనదగ్గర ఉంచేసుకుందో ఆ ఇంటిది. ఈ ఏడు అది కామాక్షి ఇల్లు.

ఆమె అటువైపు బోర్లించిన పడవ పక్కన నిలబడి ఉంది, తాటాకు బుట్ట చంకన పెట్టుకుని, చేపల కోసం వచ్చినట్టు కాక పొద్దు పొడుపు చూడటానికి వచ్చినట్టు. మొగుడు చిన్నబాబు పడవ తిరిగిరాక ఎనిమిది నెలలు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. మొన్న మిగులు రెండు చేపలు. నిన్న ఒక్కటీ లేదు, అన్నీ సరిగ్గా తెగిపోయాయి, ఖాళీ బుట్ట అదే చంకన పెట్టుకుని, తల ఎత్తుకునే వెళ్లింది. నిన్న సాయంత్రం వల పెద్ద గణేష్ పెళ్లాం ధనలక్ష్మి ఉండబట్టలేక గిన్నెలో నాలుగు చేపలు పెట్టి పంపితే, ఆ గిన్నె చేపలతో సహా తిరిగొచ్చింది, పైగా అంచులు తుడిచి. తప్పు పట్టడానికి లేదు. ఒకరి పాలులోంచి తీసి ఇస్తే అది దానం. దానం పట్టిన చెయ్యి మర్నాడు ఒడ్డుకు వచ్చి బుట్ట పట్టుకుని నిలబడలేదు. మిగులుకు ఆ గొడవ లేదు, అది ఎవరి చేతిలోంచీ రాదు. కానీ మిగులు మిగలాలి గదా. లెక్క ఎట్లా తెగుతుందో అట్లా. ఇవాళ కూడా తెగిపోతే ఆమె రేపు రాదని ముత్యాలయ్యకు తెలుసు. నెల్లూరులో ఎవరింట్లోనో అంట్లు తోమే పనికి పోతానందట, పక్కింటి ఎలిశబెతుతో అన్నదట, పిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోతానందట. ఒకసారి ఒడ్డు దిగిపోయిన ఇల్లు మళ్లీ ఒడ్డెక్కడం ఆయన ఈ డెబ్బై ఆరేళ్లలో చూడలేదు.

ఐలెస్సా, అని అటు మోకు. ఐలెస్సా, అని ఇటు మోకు. గాలి దక్షిణపుది, చల్లగా, ఉప్పగా, ఒళ్లంతా నాకుతున్నట్టు. ఎంత మంచి గాలి. ఈ గాలికి ఎవరు ఎవరికి ఏమిచ్చుకుంటారు. పాప చెప్పిన సంఖ్య మళ్లీ గుర్తొచ్చింది, ఆదివారం నుంచీ అది ఆయన్ను వదలడం లేదు, పంటిసందులో ఇరుక్కున్న ముల్లులా అనాలి గానీ ముల్లు నొప్పి, ఇది తీపి. పాప అంటే కూతురి కూతురు వనజాక్షి, నెల్లూరు కాలేజీలో లెక్కలు చదువుతుంది. రోజూ బస్సులో నిలబడి పోయి నిలబడి వస్తుంది, వచ్చి ఈయన పక్కన కూలబడి కాళ్లు పట్టమంటుంది. ముత్యాలయ్య చదివింది ఐదో తరగతి, అది కూడా పంతులు నిద్రపోయిన రోజులు తీసేస్తే మూడో తరగతే. ఎక్కాలలో నోటికొచ్చింది ఇరవై నాలుగో ఎక్కం ఒక్కటే, పాళ్లు ఇరవై నాలుగు గనక. "తాతా, ఒక సంఖ్య ఉంది, ఎంతమందికి పంచినా తెగదు," అంది పాప. "ఎంతమందికి అంటే? మా వలోళ్లకా?" అన్నాడు ఈయన. "మీకే కాదు, మైపాడు మొత్తం నిలబడినా, నెల్లూరు మొత్తం నిలబడినా, భూమ్మీద ఉండే జనమంతా వరస కట్టినా తెగదు. ఎంతో కొంత మిగులుద్ది. ఒక్కడే వచ్చి అంతా తీసుకోవాల, లేదంటే ఎన్ని చేపలో అంతమందీ రావాల, తలా ఒకటి."

మిగులుద్ది! ఆ మాటకే ఆయన లేచి కూర్చున్నాడు. అట్లాంటివి చిన్నవి చాలా ఉన్నాయట, రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పోనుపోను పల్చబడతాయట, లోతుకు పోయేకొద్దీ చేప పల్చబడినట్టు, కానీ అయిపోవట, ఎంత లోతుకు పోయినా ఇంకొకటి ఉండే తీరుతుందట. ఆ సంగతి రెండువేల ఏళ్లకు ముందే ఎవరో గడ్డపాయన తేల్చేశాడట. ఇప్పటిదాకా మనుషులకు చిక్కినవాటిలో పెద్దది ఇది, రాస్తే నాలుగు కోట్ల పది లక్షల అంకెలు, మొదటి అంకె ఎనిమిది, చివరి అంకె ఒకటి. అంకెకు జానెడు చొప్పున ఇసుకలో రాస్తే ఎక్కడిదాకా పోతుందని అడిగితే పాప ఫోనులో ఏదో నొక్కి, "ఇక్కణ్ణుంచి కన్యాకుమారి పోయి, అటునుంచి గుజరాతు దాకా పోయి, మళ్లీ ఈ పక్కకొచ్చి బెంగాలు కాణ్ణుంచి రాసుకుంటా మనూరికి దిగొచ్చినా ఇంకా రాయాల్సింది ఉంటది తాతా," అంది. అంటే దేశానికి చుట్టూ కట్టిన మొలతాడు. ఆ రాత మొదలుపెట్టినవాడు తిరిగొచ్చేసరికి మైపాడులో వాడి ముందు అంకెలను అల తుడిచేసి ఉంటుంది, వాడు మళ్లీ మొదలుపెట్టాలి. ఈ మాట ముత్యాలయ్య పక్కరోజు టీకొట్టు దగ్గర చెబుతూ, అట్లా మొదలుపెట్టిన ఒకణ్ణి తాను చిన్నప్పుడు జువ్వలదిన్నె దగ్గర చూశానని కూడా చేర్చాడు. గడ్డం మోకాళ్ల దాకా ఉందట, కూర్చుని ఐదు రాస్తున్నాడట. టీకొట్టు మస్తాన్ ఉడుకు పాలు పోస్తూ, "ఆ ఐదు ఎటు తిరిగుండాది మామా?" అన్నాడు. మస్తాన్ కూడా మంచివాడు, టీలో చక్కెర అడక్కుండానే తగ్గిస్తాడు.

ఈయనకు కావలసింది మాత్రం వేరే. అన్ని చేపలు మన ఇరవై నాలుగు పాళ్లకు పంచితే మిగులు ఎంత? పాప కాసేపు కాగితం మీద గీసి నవ్వింది. ఏడు. ఏడేనా? దేశానికి మొలతాడంత రాశికి ఏడే చేపలా? ఆయనకు ఎంత ఉసూరుమనిపించిందో. పాప ఇంకా నవ్వింది. నవ్వి, ఆ సంఖ్య ఎట్లా పుట్టిందో చెప్పింది. ఆ చెప్పడం దగ్గరే ముత్యాలయ్య ప్రాణం ఆగింది. రెండు తీసుకో తాతా, రెట్టింపు చెయ్యి, నాలుగు, మళ్లీ రెట్టింపు, ఎనిమిది, అట్లా పదమూడు కోట్ల పైచిలుకు సార్లు రెట్టింపులు. అంత దాకా అది ఎంత పెద్దదైనా పిల్లిపిల్లే, సగానికి తెగుతుంది, సగంలో సగానికి తెగుతుంది, కోస్తే కోయించుకుంటుంది. చివర్న ఒకటి తీసెయ్యి. ఒక్కటే. అంతే, ఇక అది ఎవరికీ తెగదు. అన్నిసార్లూ అట్లా కుదరదట, నూటికో కోటికో ఒకసారి కుదురుతుందట, కానీ కుదిరినచోట కుదిరింది. ఒకటి తీసేస్తే. ముత్యాలయ్య ముందు అప్పుడు పాప లేదు, కాగితం లేదు. పోలేరయ్య కాలు ఉంది.

నల్లటి కాలు. మడమ వెడల్పు, వేళ్లు చేతివేళ్లంత పొడుగు, ఆ వేళ్లతో బీడీ అంటించుకోగలడని ఊళ్లో అనేవాళ్లు, అనేవాళ్లేమిటి, అన్నది ముత్యాలయ్యే. ఆయనకు ముందు లెక్క పోలేరయ్యది. లెక్క పాడేవాడు, ఒకటి అనడానికి లాభం అని మొదలుపెట్టి, రెండు చేతుల్లో రెండేసి, నాలుగేసి చేపల పుంజీ చొప్పున తీసి పక్కన వేస్తూ, ఆరు పుంజీలకు ఒక గవ్వ ఇసుకలో గుచ్చుతూ. గవ్వకు ఇరవై నాలుగు, అంటే గవ్వకు తలా ఒక చేప. ఎంత తేలిక, ఎంత అందం. ముత్యాలయ్యకు పదిహేనేళ్లు, మోకు పట్టిన మొదటి రోజు, మొదటి పాలు. పది గవ్వలు పడతాయి, తలా పది చేపలు, అమ్మకు పది చేపలు తీసుకుపోయి పెడతాను, ఇక మిగులుతో పనిలేదు అని కళ్లు చేపల మీదే పెట్టుకున్నాడు. అందుకే కనపడింది. చివరి పుంజీ దగ్గర పోలేరయ్య మడమ వెనక్కి జరిగింది. మడమతోపాటు ఒక చేప జరిగింది. అల వచ్చింది, చేపను తీసుకుపోయింది. "తొమ్మిది గవ్వలు, పైన ఐదు పుంజీలు, మూడు," అని పాడాడు పోలేరయ్య, గొంతులో వణుకన్నది లేకుండా. దొంగ! కాలివేళ్ల దొంగ! తర్వాత ఏరుకుందామని దాచబోతే అల ఎత్తుకుపోయింది, బాగా అయింది, అనుకున్నాడు కుర్ర ముత్యాలయ్య. ఇంటికెళ్లి అమ్మతో అన్నాడు కూడా. పొయ్యి దగ్గర కూర్చున్న చెంచమ్మ తలెత్తి వాణ్ణి చూసింది, చాలాసేపు చూసింది, "అన్నం తినరా," అంది. అంతే అంది. ఆ రోజు కూరలో చేపలు చాలా ఉన్నాయి. తన పాలు తొమ్మిది, అమ్మ తెచ్చినవి ఇంకెన్నో. ఎన్నో అని లెక్కపెట్టలేదు, లెక్కల మనిషి అయి కూడా ఆ ఒక్క రోజు లెక్కపెట్టలేదు.

ఇరవై మూడు. ఆదివారం లెక్కపెట్టాడు, అరవై ఏళ్లకు. రెండొందల నలభై ఉంటే తలా పది, మిగులు సున్న. ఒకటి తీసేస్తే తలా తొమ్మిది, మిగులు ఇరవై మూడు. సముద్రానికి పోయింది ఒకటి, చెంచమ్మ బుట్టలోకి వచ్చినవి ఇరవై మూడు. ఇరవై నాలుగు పాళ్లలోనూ పాలుకు ఒక చేప చొప్పున, ఎవడికీ తెలియకుండా, ఎవడూ పెట్టినట్టు కాకుండా, ఎవడికీ చెయ్యి చాచినట్టు కాకుండా. ముత్యాలయ్య నాయన్ను సముద్రం ఉంచుకున్నప్పుడు ముత్యాలయ్యకు ఆరేళ్లు. ఆరు నుంచి పదిహేను దాకా తొమ్మిదేళ్లు ఈ ఎముకలు పెరిగింది ఆ మడమ మీద. ఈ భుజాలు, ఊరిని నిలబెట్టిన ఈ మడమ, ఇప్పుడు నొప్పి పుడుతున్న ఈ మోకాళ్లు కూడా. ఆ మనిషిని పెద్దయ్యాక ఏమన్నాడు తాను? ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాడు. కాలివేళ్లతో బీడీ కథ కట్టి ఊరంతా చెప్పాడు. చచ్చిపోయినప్పుడు దూరంగా నిలబడి వల అల్లుకున్నాడు. తానంత ముఖం తిప్పుకున్నా, బతికుండగా చూపు మందగించి లెక్క మానుకున్ననాడు పోలేరయ్య పదిమందిలో ఏమన్నాడు, "ముత్యాలుగాడికియ్యండి, వాడికి కళ్లుండాయి," అన్నాడు. అని దగ్గరికి పిలిచి చెవిలో, "అబ్బయా, లెక్కేసేప్పుడు చెప్పులు ఏసుకోబాక," అన్నాడు. సముద్రమంటే భక్తి కాబోలనుకున్నాడు ముత్యాలయ్య. ముప్పై అయిదేళ్లుగా భక్తిగా చెప్పులు విప్పి, భక్తిగా ఒక్క చేప కూడా పోకుండా లెక్కేశాడు. మైపాడులో ముత్యాలయ్య లెక్క అంటే దేవుడి తక్కెడ అని పేరు. ఆ తక్కెడ ఎన్నిసార్లు సరిగ్గా తెగిందో, ఎన్ని బుట్టలు ఖాళీగా చంకనెక్కి వెళ్లాయో ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తుంది. సిగ్గేస్తుంది. సిగ్గు వెనకాలే, ఏమిటో, నవ్వు కూడా వస్తుంది, కన్నీళ్లు కూడా వస్తాయి. ఎంత గడుసు ముసలోడివయ్యా పోలేరయ్యా, ఐదో తరగతి కూడా లేకుండా నువ్వు ఒకటి తీసేశావు, అంత పెద్ద సంఖ్యను పట్టినవాళ్లకు ఎన్నెన్ని యంత్రాలు కావలసివచ్చాయో, నీకు ఒక మడమ చాలింది. దండం పెడదామంటే ఎటు తిరిగి పెట్టాలి? నిన్ను కాల్చిన చోటును కూడా సముద్రం తినేసింది. అయినా ఎంత అదృష్టం, తెలియకుండానే చచ్చిపోయి ఉంటే? పాప ఆ కాలేజీలో చేరకపోయి ఉంటే? బస్సు చెడిపోయి ఆదివారానికి పాప ఇంటికి రాకపోయి ఉంటే? మంచి బస్సు. మంచి పాప. మంచి సంఖ్య, దేశానికి మొలతాడు.

"మామా, కలగంటున్నావా? లెయ్, సంచొచ్చింది!" గణేష్ కేక. వల పెద్ద అయినా ముప్పై ఏళ్లవాడే, మోకు కంటే బిగువు. ముత్యాలయ్య చెయ్యి నేలకానించి లేచాడు. తడి ఇసుకలోకి నడిచాడు. వల సంచిలోంచి వెండి జారుతున్నట్టు కానాగంతలు జారాయి, ఇంకా కొట్టుకుంటున్నాయి. పద్దెనిమిదిమందీ చుట్టూ నిలబడ్డారు, వగరుస్తూ, చెమటలు తుడుచుకుంటూ. కామాక్షి దగ్గరికి రాలేదు. పడవ దగ్గరే నిలబడి సముద్రం వైపు చూస్తూ ఉంది, చేపలవైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతుందో మెడ నరం చెబుతుంది. లాభం, రెండు, మూడు. చేతులకు చేపల చల్లదనం. ఆరు పుంజీలు, గవ్వ. ఆరు పుంజీలు, గవ్వ. తొమ్మిదో గవ్వ గుచ్చినప్పుడు రాశి ఇంకా జానెడెత్తు ఉంది. పదకొండు. పన్నెండో గవ్వ గుచ్చి తలెత్తకుండా రాశి చూశాడు. ముప్పై అయిదేళ్ల కన్ను అది, లెక్కపెట్టనక్కర్లేదు. ఇంకా ఆరు పుంజీలు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. మూడొందల పన్నెండు, తలా పదమూడు. మిగులు సున్న.

ఒకటో పుంజీ. ఎప్పుడూ చెయ్యని పని, ఈ వయసులో. రెండో పుంజీ. పద్దెనిమిది జతల కళ్లు. మూడో పుంజీ. పట్టుబడితే ముప్పై అయిదేళ్ల పేరు పోతుంది, పోతే పోనీ, చెయ్యకపోతే కామాక్షి పోతుంది. నాలుగు. ఐదు. ఆరో పుంజీకి వంగాడు, రెండు కుడిచేతిలోకి, ఒకటి ఎడంచేతిలోకి, నాలుగోది మడమ పక్కన. మడమ వెనక్కి జరిపాడు. మోకాలు కలుక్కుమంది. చేప జారింది గానీ పోలేరయ్య చేప జారినట్టు జారలేదు, బారెడు దూరంలో తడి ఇసుక మీద పొట్ట తెల్లగా మెరుస్తూ పడింది. అల వచ్చింది, చేపకు మూరెడు అవతలే ఆగి, వెనక్కి పోయింది. "పన్నెండు గవ్వలు, ఐదు పుంజీలు, పైన మూడు," అన్నాడు ముత్యాలయ్య. పాడబోయాడు, మాట మాత్రమే వచ్చింది. మూడొందల పదకొండు. ఇది కూడా ఆ జాతిదేనేమో, ఎవరికీ తెగనిది, సాయంత్రం పాపను అడగాలి, సాయంత్రం దాకా ఈ ముఖం ఊళ్లో ఎత్తుకోగలిగితే.

"మామా, నీ కాలెనక..." అన్నాడు గణేష్.

అని ఆగాడు. వాడి పెదవులు కదిలాయి, వేళ్లు తొడ మీద లెక్కేశాయి. గవ్వలకేసి చూశాడు, చేపకేసి చూశాడు, ఆ పైన, చూడకుండా ఉండలేక, పడవ వైపు చూశాడు.

"ఏందిరా ఆయన కాలెనక?" అన్నాడు పెంచలప్రసాద్, వెనక వరసలోంచి మెడ చాపుతూ.

"ఏం లేదు, ఎండ్రకాయ," అన్నాడు గణేష్. "పంచుకుంటా ఉండండి, కాళ్లు కడుక్కొనొస్తా." నీళ్లలోకి నడిచాడు, చాలాసేపు అక్కడే కాళ్లు కడుక్కున్నాడు, తిరిగొచ్చేసరికి ఇసుక మీద తెల్లటిదేమీ లేదు.

తలా పన్నెండు వెళ్లాయి. ఒక్కొక్కరూ తమ తమ చేపలు తువ్వాలుల్లో, సంచుల్లో వేసుకుంటున్నారు, పెంచలప్రసాద్ నిన్నటికంటే పెద్దవేనని సంబరపడుతున్నాడు. మధ్యలో ఇరవై మూడు. కామాక్షి వచ్చింది. తొందరపడలేదు. వంగి, ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసుకుంది, ఎవరి ముఖమూ చూడలేదు, ఎవరికీ చేతులెత్తలేదు, ఎత్తవలసిన పని లేదు గదా. ఆఖరి చేపను పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ముఖం చిట్లించింది.

"ఏం మామా, మంచియ్యన్నీ పాళ్లకేసి పిత్తపరిగెలన్నీ మిగులుకేసినావా? కళ్లు కనపడటంలా నీకు?"

ముత్యాలయ్య వంగి గవ్వలు ఏరసాగాడు. తలెత్తకుండా, వీలైనంత కోపంగా అన్నాడు, "మిగులు మిగిలినట్టు ఉంటాదమ్మే, నేనేమన్నా ఏరిపెట్టేనా? పెద్దయి కావాలంటే రేపు కాస్త ముందొచ్చి నిలబడు."

"వస్తాలే," అంది ఆమె, బుట్ట నెత్తికెత్తుకుంటూ. "నువ్వు మాత్రం కళ్లద్దాలు పెట్టుకో."